తిరిగి ఇచ్చువారి వ్యాపారము

సికిందరాబాదు నుండి బయలుదేరి బోయినపల్లి దాటి మేడ్చలు వైపు సాగు 44వ నంబరు జాతీయ రహదారికి ఇరుప్రక్కల, సుచిత్ర కూడలి మొదలుకొని కొంపల్లి వరకును, క్రింద మందుల దుకాణమో టిఫిన్ సెంటరో ఉన్న భవనముల పై అంతస్తులలో, నలుగురైదుగురు మొదలు ముప్పది నలువది మంది వరకు పనివారిని పెట్టుకొని వెబ్‌సైట్లు కట్టి ఇచ్చు చిన్న సంస్థలు జీవించుచున్నవి. జీడిమెట్ల పారిశ్రామికవాడలోని రసాయన కర్మాగారమునకును, పేట్‌బషీరాబాదులోని ఫంక్షన్ హాలునకును, శామీర్‌పేట దారిలో ప్లాట్లు విక్రయించు వెంచరునకును, అల్వాలులోని దంతవైద్యునకును ఇవియే వెబ్‌సైట్లు కట్టి ఇచ్చును. డొమైను గడువు తీరకుండ చూచును. హోస్టింగు ఆగిపోయిన అర్ధరాత్రి ఫోను ఎత్తి మాటపడును. ఈ వృత్తియందు ఒక విశేషము కలదు. వీరు అమ్ము వస్తువులో అత్యధికభాగము వీరు చేసినది కాదు. ఎవరియొద్దనో వెల యిచ్చి కొనినదియు కాదు. వర్డ్‌ప్రెస్, ద్రూపల్, జూమ్లా అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లను దింపుకొని, వాటిపై ఒక థీమ్ తొడిగి, నాలుగు ప్లగిన్లు చేర్చి, క్లయింటు రంగులును ఫోటోలును అమర్చి, బిల్లు వ్రాయుదురు. ఇట్లు తీసికొనుట తప్పు కాదు; తీసికొనుటకే అవి అచ్చట ఉంచబడినవి. నేను చెప్పదలచినది, తీసికొన్నదానిలో కొంత మెరుగుపరచి తిరిగి ఇచ్చుట ఈ సంస్థలు దానధర్మముల పద్దులో వేసికొనుచున్న పని యైనను, వాస్తవమునకు అది వాటి వృద్ధికి మార్గమనియు, ధరను తగ్గించుకొనుచు ఒకరినొకరు తరుగగోసికొను ఈ చిన్న సంస్థలకు ఉన్న మార్గములలో అది మిక్కిలి చౌకయైనదనియు మాత్రమే.

ఆ సాధనముల పుట్టుక ఎట్టిదో కొంచెము తెలిసికొనవలెను. మిషెల్ వాల్‌ద్రిఘి అను ఫ్రెంచి యువకుడు వ్రాసి, కొంతకాలమునకు పట్టించుకొనుట మానిన బీ2 అను చిన్న ప్రోగ్రామును, దానిని వాడుకొనుచున్న మాట్ ముల్లెన్‌వెగ్ అను అమెరికా యువకుడును మైక్ లిటిల్ అను ఇంగ్లండు దేశీయుడును చేపట్టి, సరిదిద్ది, 2003 మే 27న వర్డ్‌ప్రెస్ అను పేర విడుదల చేసిరి. నేడు ప్రపంచమందలి వెబ్‌సైట్లలో నూటికి నలువదికి మించినవి దానిపైననే నడచుచున్నవి. అంతకు రెండేండ్ల ముందే, 2001 జనవరి 15న, బెల్జియము దేశమున ఆంట్‌వెర్ప్ నగరములో చదువుకొనిన డ్రీస్ బాయ్‌టార్ట్ ద్రూపల్‌ను బయటపెట్టెను. మన కేంద్రప్రభుత్వపు మైగవ్ వేదిక దానితో నిర్మింపబడినదే. ఈ రెండును జీపీఎల్ అను అనుమతిపత్రము క్రింద ఉన్నవి. ఎవరైనను వాడుకొనవచ్చును, విప్పి చూడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, అమ్ముకొననువచ్చును. మార్చినదానిని ఇతరులకు పంచునప్పుడు మాత్రము అవే హక్కులను వారికిని విడువవలెను. క్లయింటు కొరకు చేసిన మార్పును లోకమునకు చూపితీరవలెనని ఆ పత్రములో ఎచ్చటను లేదు. కనుక సుచిత్రలోని ఒక సంస్థ ఇరువదియేండ్లు వర్డ్‌ప్రెస్‌తో బ్రతికి, ఒక్క వరుస కోడైనను తిరిగి ఇయ్యకయే మూతపడినను, చట్టము దానిని ఏమియు అనదు.

చట్టము అననిదానిని మనమేల అనవలెను? “మాకు తీరిక ఎక్కడిది?” అని యజమానులు అడుగుదురు. ఆ ప్రశ్న కపటమైనది కాదు. ఒకటవ తేదీన జీతములు, ఇరువదవ తేదీన జీఎస్‌టీ, క్లయింటు చివరి వాయిదా ఎగవేసినను ఆగని ఆఫీసు అద్దె, పండుగ ముందురోజున ఆఫరు బ్యానరు మార్చుమని వచ్చు వాట్సాప్ సందేశము, ఇన్ని ఉండగా, పని నేర్చిన కుర్రవానిని వారమునకొక పూట లోకోపకారమునకై వదలుమనుట కడుపునిండినవాడు చేయు ప్రబోధముగానే వారికి వినబడును. కాని వారు ఇప్పుడు ఆ కుర్రవాని కాలమును దేనిపై వెచ్చించుచున్నారో లెక్క తీసినచో, ఆ పూట ఎచ్చటనుండి వచ్చునో అందులోనే కనబడును.

ఒక సంస్థ, క్లయింటు కోరినమీదట, ఎవరో వ్రాసిన ప్లగిన్‌లో పది వరుసలు మార్చినదనుకొందము. మార్చిననాడు పని జరిగినది, బిల్లు వచ్చినది, అందరును సంతోషించిరి. రెండు మాసములకు ఆ ప్లగిన్‌కు క్రొత్త వెర్షను వెలువడెను. అప్‌డేట్ బొత్తాము నొక్కినచో ఆ పది వరుసలును తుడిచిపెట్టుకొనిపోవును. నొక్కకున్నచో పాత వెర్షనులోని భద్రతాలోపములు అట్లే మిగులును. కనుక ఎవరో ఒకరు ఆ మార్పును గుర్తుంచుకొని, ప్రతి అప్‌డేటు తరువాతను మరల అతికింపవలెను. ఆ గుర్తున్న కుర్రవాడు ఇంతలో రెట్టింపు జీతమునకు గచ్చిబౌలికి పోయియుండును. తరువాత వచ్చినవానికి ఆ పది వరుసలు ఎందుకున్నవో తెలియదు. ఇట్టి సైట్లు పాతిక ముప్పది పోగైనచో, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందము) అను పేర ఏడాదికొకమారు వచ్చు సొమ్మంతయు పాత అతుకులను మరల అతుకుటకే చెల్లిపోవును. సంస్థ ఎదుగకుండుటకు కారణము మార్కెటులో లేదు, ఈ అతుకులలో ఉన్నది. అదే పది వరుసలను శుభ్రముగా వ్రాసి, ఎందుకు వ్రాసితిమో నాలుగు వాక్యములలో వివరించి, ఆ ప్లగిన్ నిర్వాహకులకు పంపి, వారు చెప్పిన సవరణలు ఓపికతో చేసి, మూలములోనే చేర్పించినయెడల, ఆనాటినుండి ఆ మార్పును కాపాడు పనిలో ఆ ప్లగిన్‌ను వాడు ప్రతివాడును భాగస్వామి యగును. మొదట పట్టిన కాలము ఒక దినము ఎక్కువ కావచ్చును. అటుపిమ్మట ప్రతి అప్‌డేటుకును ఒక పూట మిగులును. యజమాని అడిగిన తీరిక అదియే.

తెలుగువారికే ప్రత్యేకముగా తగులు చిక్కు నొకదానిని చూపెదను. వర్డ్‌ప్రెస్‌లో వ్యాసమునకు తెలుగున శీర్షిక పెట్టగనే, ఆ శీర్షికనుండియే దాని వెబ్ చిరునామా తయారగును. ఆ చిరునామా తుదిభాగమునకు డేటాబేసులో కేటాయించిన చోటు 200 స్థానములు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక స్థానము చాలును. తెలుగులోని ఒక్కొక్క యూనికోడ్ సంకేతమునకు మూడు బైట్లు పట్టును, చిరునామాలో ఒక్కొక్క బైటును శాతపు గుర్తుతో కూడి మూడు స్థానములు ఆక్రమించును, వెరసి తొమ్మిది. ‘స్త్రీ’ అని మనము ఒక్క అక్షరముగా పలుకుదాని యందు సకారము, తకారము, రేఫము, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘము కలిసి ఆరు సంకేతములున్నవి కనుక, అదొక్కటియే 54 స్థానములను మ్రింగును. ఇరువదిరెండు సంకేతములు దాటినంతనే చిరునామాలో శీర్షిక తెగును. రెండు మూడు పదములున్న శీర్షికయు ఒక్కొక్కప్పుడు నడుమ విరుగును. తెలుగు వార్తల సైటు కట్టినవారు దీనిని చూచియే యుందురు. చూచి ఏమి చేయుదురు? విలేకరికి “చిరునామా ఇంగ్లీషులో కొట్టండి సార్” అని చెప్పి దాటుదురు. కొంచెము శ్రద్ధ కలవారు తమ క్లయింటు సైటులో ఏదో చిన్న ఉపాయము పన్నుదురు, ఆ ఉపాయము ఆ సైటుతోనే అంతరించును. హిందీ, తమిళము, బెంగాలీ, కన్నడము, మలయాళము, అన్నింటికిని ఇదే మూడు బైట్ల లెక్క. దీనిని సమగ్రముగా పరిష్కరించి, పరీక్షించి, అన్ని భాషలవారి కందించు సంస్థ సుచిత్రలోనే ఉన్నదని తెలిసిననాడు, చెన్నైలోని పత్రికయైనను కలకత్తాలోని ప్రకాశకుడైనను ఫోను చేయునది ఎవరికో ఊహించుట కష్టము కాదు. ఇట్టి పనిని అమెరికాలోని ఇంజనీరు మన కొరకు చేయడు. వానికి ఆ శీర్షిక విరుగుట కనబడదు.

భద్రత విషయమున ఈ లాభము మరింత స్పష్టమగును. 2014 అక్టోబరు 15న ద్రూపల్‌లో ఒక ఘోరమైన లోపము వెల్లడియైనది; పాస్‌వర్డు లేకయే ఎవరైనను సైటును వశము చేసికొనగలిగినంతటిది. దానిని కనిపెట్టినది జర్మనీ దేశపు సెక్షన్ ఐన్స్ అను చిన్న సంస్థ. తన క్లయింటు కొరకు ద్రూపల్ కోడును తనిఖీ చేయుచుండగా వారికది కంటబడినది. ఆ క్లయింటు సైటును మాత్రము సరిదిద్ది బిల్లు వేసికొని ఊరకుండక, ద్రూపల్ భద్రతా బృందమునకు రహస్యముగా తెలియజేసిరి. సవరణ వెలువడిన ఏడు గంటలలోపల వేసికొనని ప్రతి సైటును దుండగుల చేత చిక్కినదిగానే భావింపవలెనని ఆ బృందము తరువాత హెచ్చరించెను. ఆ ఏడు గంటలు మన గడియారములో రాత్రి తొమ్మిదిన్నర మొదలు తెల్లవారుజామున నాలుగున్నర వరకు. మన దేశపు వెబ్ సంస్థలన్నియు నిద్రించు సమయమది. ద్రూపల్ పనిలో పాలుపంచుకొనువారికి మాత్రము, భద్రతా సవరణలు సాధారణముగా బుధవారములందే వెలువడుననియు, ముఖ్యమైనవాటికి ముందస్తు సూచన వచ్చుననియు, ఆ రాత్రి ఒకరు మేలుకొనియుండవలెననియు అనుభవముచేత తెలిసియుండును. పాలుపంచుకొననివానికి మరునాడు పదిగంటలకు ఆఫీసు తెరచిన తరువాతనే తెలియును. దీనికి పోలిక ఈ ప్రాంతముననే కలదు: సుచిత్ర కూడలికి సమీపమున ఫాక్స్ సాగర్ అని పిలువబడు జీడిమెట్ల చెరువు ఉన్నది. 2020 అక్టోబరు వానలకు దాని నీరు పొంగి ఉమామహేశ్వర కాలనీ దినముల తరబడి మునిగియుండుట ఈ ప్రాంతమువారు మరచియుండరు. అందరిదైన నీటిని ఒకరును కాపాడకున్నచో అది మొదట ఎవరి ఇంటికి వచ్చునో దిగువనున్నవారికి తెలియును. వెబ్ సంస్థలు ఆ దిగువ కాలనీలోనే ఉన్నవి.

ఇక వ్యాపారవృద్ధిని గూర్చి. వెబ్ వృత్తియందు యోగ్యతకు సాక్ష్యము దొరకుట కష్టము. వైద్యునకు పట్టము కలదు, ఛార్టర్డ్ అకౌంటెంటునకు సభ్యత్వసంఖ్య కలదు. వెబ్‌సైటు కట్టువానికి బోర్డు చాలును. తాము చేసిన పనులని చూపు చిత్రములు ఎవరివైనను కావచ్చును. కొనుగోలుదారు కోడును చదువలేడు. పరీక్షించుటకు వీలులేనిచోట కొనువాడు ధరనే చూచును, ధర చూచినచోట అమ్మువాడు తగ్గించును, తగ్గించినవాడు దొంగిలించిన నల్డ్ థీములను వేయును, ఆ థీములలో దాగిన వైరసు ఆరు మాసములకు బయటపడి మంచివానికిని చెడ్డపేరు తెచ్చును. ఈ వలయమును ఛేదించునది, అపరిచితులైన నిపుణులు పరీక్షించి స్వీకరించిన పనియొక్క బహిరంగమైన దాఖలా. ఎవరు వ్రాసిరి, ఏనాడు వ్రాసిరి, ఎవరు ఆక్షేపించిరి, ఎట్లు సమాధానమిచ్చిరి అనునదంతయు తేదీలతో సహా ప్రపంచమునకు తెరచియుండును. దానిని కొనుటకును వీలులేదు, కాపీ కొట్టుటకును వీలులేదు. ద్రూపల్ సమాజము 2015లో దీనినొక పద్ధతిగానే ఏర్పరచినది: ప్రతి సవరణయును ఏ వ్యక్తి చేసెనో, ఏ సంస్థ జీతముపై చేసెనో, ఏ క్లయింటు సొమ్ముతో చేసెనో నమోదు చేసి, ఆ పరపతిని ఆధారముగా గొని సేవాసంస్థల పట్టికలో ఎవరు ముందుండవలెనో నిర్ణయించినది. పెద్ద క్లయింట్లు ద్రూపల్ నిపుణులకై వెదకునప్పుడు మొదట చూచు పట్టికలలో అది యొకటి. ఇచ్చినవాడు పైన కనబడును. ఇంతకంటె చౌకయైన ప్రకటన ఏ హోర్డింగుపై దొరకును?

మన పొరుగున పుణె నగరములో 2009లో రాహుల్ బన్సల్ స్థాపించిన ఆర్‌టీక్యాంప్ అను సంస్థ ఈ మార్గముననే పెద్దదైనది. వర్డ్‌ప్రెస్ సైట్లు త్వరగా తెరచుకొనుటకు తమకు కావలసిన పనిముట్లను, ఎన్‌జిన్‌ఎక్స్ హెల్పర్ అను ప్లగిన్‌ను, సర్వరుపై సైటును క్షణములలో నిలబెట్టు ఈజీఇంజన్‌ను తయారుచేసికొని, వాటిని దాచుకొనక బయటపెట్టిరి. వాడినవారిలో కొందరు పెద్ద ప్రచురణసంస్థలవారు. వేగము ఎవరిచేతిలో ఉన్నదో వారికి తెలిసినది. అటుపిమ్మట వర్డ్‌ప్రెస్ కేంద్రకోడుపైననే పనిచేయుటకు తమ ఉద్యోగులను జీతమిచ్చి నిలిపిరి. పుణెలో నీరు వేరు, సుచిత్రలో నీరు వేరు కాదు. మైసమ్మగూడ, కండ్లకోయ, దుండిగల్ పరిసరములలో ఏటేట వేలకొలది ఇంజనీరింగు విద్యార్థులు పట్టములు పుచ్చుకొని అదే రహదారిపై బస్సు ఎక్కుచున్నారు. కండ్లకోయలో గేట్‌వే ఐటీ పార్కునకు 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపనము జరిగినది. క్లయింటు పని లేని దినములలో కుర్రవారిని బెంచిపై కూర్చుండబెట్టుట అను ఆచారమున్న ఈ పరిశ్రమలో, ఆ బెంచి దినములను నిజమైన కోడును చదివి, నిజమైన బగ్గును సరిచేసి, తమకంటె నిపుణులైనవారి చేత దిద్దించుకొనుటకు వినియోగించినయెడల, అమీర్‌పేట కోచింగు కేంద్రములలో వెల పోసి కొన్నను దొరకని శిక్షణ ఉచితముగా లభించును. ఆ కుర్రవాడు తరువాత గచ్చిబౌలికి పోయినను, వాని స్థానమునకు వచ్చువాడు సంస్థపేరు వినియే వచ్చును.

తెలుగుదేశమున ఈ ప్రత్యర్పణము ఎవరు చేసిరని చూచినచో, విచిత్రమేమనగా, వ్యక్తులును స్వచ్ఛందసంఘములును చేసినదాని యెదుట వ్యాపారసంస్థలు చేసినది అతిస్వల్పము. వీవెన్ అను పేరుతో తెలుగు బ్లాగులోకమునకు సుపరిచితుడైన ఔత్సాహికుడు లేఖిని అను తెలుగు టైపింగు పనిముట్టును, కూడలి అను బ్లాగుల సంకలినిని నిర్మించుటయే కాక వర్డ్‌ప్రెస్ తెలుగు అనువాదమునకు పూనుకొని నడిపెను. డ్యాష్‌బోర్డును తెలుగులో చూచు ప్రతి పంతులుగారును ఆ శ్రమకు ఋణగ్రస్తుడే. 2005లో హైదరాబాదు కేంద్రముగా ఆరంభమైన స్వేచ్ఛ అను సంస్థ కంప్యూటరు నడుపు వ్యవస్థనే తెలుగు చేసి పంచినది. పురుషోత్ కుమార్ గుట్టుల రూపొందింపగా సిలికానాంధ్ర వెలువరించిన గిడుగు, మండలి, రామభద్ర మొదలగు అక్షరరూపములు నేడు గూగుల్ ఫాంట్సులో ఉచితముగా లభించుచున్నవి. సుచిత్రలో కట్టిన పెండ్లిపత్రిక వెబ్‌పుటలకు ఆ అందము వచ్చినది వానివలననే. (వ్యావహారికము కొరకు జన్మమంతయు పోరాడిన గిడుగువారి పేరిటి అక్షరములలో ఈ గ్రాంథికపు వాక్యములు కనబడినచో ఆ మహనీయుడు ఏమనునో!) సంస్థలలో చెప్పదగినది ఒకటి కలదు. రాకేశ్ దుబ్బుడు స్థాపించిన హైదరాబాదు సంస్థ ఫ్యాక్ట్‌లీ, వార్తలలోని నిజానిజములను తేల్చి తెలుగు, ఇంగ్లీషు భాషలలో ప్రచురించుటకు తనకు కావలసిన ప్రచురణ సాఫ్ట్‌వేరును డేగ అను పేర తానే నిర్మించుకొని, దాని కోడును గిట్‌హబ్‌లో అందరికిని తెరచి ఉంచినది. ఫ్యాక్ట్‌లీ వెబ్‌సైట్లు కట్టి అమ్ము దుకాణము కాదు. అయినను, తనకై చేసికొన్న పనిముట్టును పోటీదారులకుకూడ అందించుట వలన తన పని ఆగిపోలేదు. వెబ్ దుకాణములు ఈపాటి ధైర్యమునైనను ఏల చేయలేదో ఆలోచింపదగినది.

ఇంతవరకు చెప్పినది విని, రేపటినుండియే ఇచ్చుట మొదలుపెట్టుదమని ఉబలాటపడువారు మరియొక కథ వినవలెను. డిజిటల్‌ఓషన్ అను అమెరికా సంస్థ ఏటేట అక్టోబరు మాసమున హాక్టోబర్‌ఫెస్ట్ అను ఉత్సవమును జరుపును. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కొన్ని సవరణలు పంపినవారికి టీషర్టు బహుమానముగా ఇచ్చుట అప్పట్లో ఆచారముగా ఉండెను. 2020లో ఆ టీషర్టు కొరకు ఎవరో వ్రాసిన పరిచయపత్రములో ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అని ఒక మాట చేర్చి సవరణయని పంపువారు వేలసంఖ్యలో విరుచుకుపడిరి. ఆ కిటుకును నేర్పిన దృశ్యపాఠము మన దేశపు యూట్యూబు బోధకునిదని లోకమంతయు చెప్పుకొనెను. ఆ ప్రాజెక్టుల నిర్వాహకులు రాత్రింబవళ్లు ఆ చెత్తను ఊడ్చుకొనలేక మొత్తుకొనగా, ఉత్సవము మొదలైన మూడవ దినముననే నియమములు మార్చి, కోరుకొన్న ప్రాజెక్టులకే దానిని పరిమితము చేయవలసివచ్చెను. ద్రూపల్ పరపతి పద్ధతిలోను ఇదే రోగము ప్రవేశించినది. ఖాళీ చోటును తొలగించుట, కామాను జరుపుట, యంత్రము కనిపెట్టిన చిల్లర దోషములను వందలకొలది ప్రాజెక్టులకు ఒక్కమారుగా పంపుట మొదలగు పనులతో పట్టికలో పైకి ఎగబ్రాకు సంస్థలు బయలుదేరగా, అట్టి దుర్వినియోగమునకు పరపతిని తొలగించు నియమములను ద్రూపల్ సమాజము వ్రాసికొనవలసివచ్చినది. ఎల్‌కేజీ నుండి ర్యాంకులకు అలవాటుపడిన మనకు ఏ పట్టిక కనబడినను దానిలో పైకి పోవుటయే చదువుగా తోచును; ఆ అలవాటును ఈ రంగమునకు తెచ్చుకొన్నచో, ముందు చెప్పిన బహిరంగమైన దాఖలాయే ఎదురుసాక్ష్యముగా నిలుచును. చెడ్డ సవరణయును తేదీతో సహా అచ్చటనే ఉండును. దానిని చెరుపుట సాధ్యము కాదు. నెలకొక మంచి సవరణ పంపి, దానికి వచ్చిన ప్రశ్నలకు ఆరు మాసములైనను సమాధానము చెప్పుటకు నిలబడు సంస్థయే వృద్ధిపొందును.

తీసికొనువారిని బలవంతముగా ఇప్పింపవచ్చునా అను ప్రశ్నకు సమాధానము 2024లో దొరకినది. ప్రతి సంస్థయును తన బలములో నూటికి ఐదు వంతులు వర్డ్‌ప్రెస్‌కు కేటాయింపవలెనని 2014లోనే పిలుపునిచ్చిన ముల్లెన్‌వెగ్, పదేండ్లకు, హోస్టింగు వ్యాపారములో గొప్ప లాభములు గడించుచున్న డబ్ల్యూపీ ఇంజిన్ సరిగా తిరిగి ఇచ్చుట లేదని బహిరంగముగా నిందించి, వర్డ్‌ప్రెస్.ఆర్గ్ సేవలను వారికి నిలిపివేసెను. ఆ సంస్థ అక్టోబరు 2న న్యాయస్థానమునకు పోయెను. డిసెంబరులో న్యాయమూర్తి ఆ సేవలను పునరుద్ధరింపుమని తాత్కాలికాజ్ఞ ఇచ్చెను. నడుమ నష్టపడినది ఆ కలహముతో ఏ సంబంధమును లేని సైట్లవారు. ముల్లెన్‌వెగ్ ఫిర్యాదులో సత్యము లేదని నేననను. కాని అనుమతిపత్రము అడుగనిదానిని అధికారముతో వసూలు చేయబోయిననాడు, ఇచ్చువారి ఉత్సాహముకూడ చల్లబడును. సుచిత్రలోని చిన్నసంస్థ ఇందు గ్రహింపవలసినది, ఒకే సాధనమును ఒకే వ్యక్తి చిత్తమునకు కట్టుబడి నమ్ముకొనుట ప్రమాదమని. ఆ సాధనపు పనిలో తానును చేయి కలిపినవానికే దాని లోగుట్టును రానున్న మార్పులును ముందుగా తెలియునని.

యజమానులు నిర్లక్ష్యము చేయు మరియొక విషయము ఒప్పందపత్రము. “ఈ ప్రాజెక్టులో వ్రాసిన కోడంతయు క్లయింటునకే చెందును” అని ఎచ్చటనుండియో దింపుకొన్న నమూనాలో ఉన్న వాక్యమును చదువకయే సంతకము పెట్టుదురు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యకృతి క్రింద లెక్కింపబడును. ఉద్యోగి తన ఉద్యోగధర్మముగా వ్రాసినదానికి, వేరు ఒప్పందము లేనిచో, మొదటి యజమాని ఉద్యోగమిచ్చిన సంస్థయే. క్లయింటునకు ఆ హక్కు పోవలెననిన వ్రాతపూర్వకమైన బదలాయింపు కావలెను. దానిలో కాలము చెప్పనిచో ఐదేండ్లనియు, ప్రదేశము చెప్పనిచో భారతదేశమునకు మాత్రమేయనియు చట్టమే భావించును. అనగా, సంతకము పెట్టకముందు హక్కు సంస్థ చేతిలోనే ఉన్నది. పెట్టిన తరువాత, ముందు చెప్పిన ఆ పది వరుసలను మూలమునకు పంపుటకు క్లయింటు అనుమతి అడుగవలసివచ్చును. క్లయింటు వ్యాపారరహస్యములు, బొమ్మలు, రచనలు అతనివే. ఎవరికైనను పనికివచ్చు సాధారణమైన కోడును ఓపెన్ సోర్స్‌గా విడుదల చేయు హక్కు సంస్థకు ఉండునని ఒక్క వాక్యము చేర్చినచో చిక్కు తీరును. శామీర్‌పేటలో నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము ఉన్నది. ఈ ప్రాంతపు వెబ్ సంస్థలవారు నలుగురు కలిసి అచ్చటి విద్యార్థులచేత ఇట్టి నమూనా ఒప్పందమునొకదానిని తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాయించుకొనుటకు ఒక మధ్యాహ్నము చాలును.

ప్రభుత్వము చేయగలిగిన పనియు కలదు. కేంద్రప్రభుత్వము 2015లోనే, తన సాఫ్ట్‌వేరు అవసరములకు ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమియ్యవలెనను విధానమును ప్రకటించినది. ప్రభుత్వపు ప్రోగ్రాముల కోడును పంచుకొనుటకును అదే సంవత్సరము వేరొక విధానము వెలువరించినది. కాగితముమీద ఇవి చక్కనివి. కాని మునిసిపాలిటీ మొదలు విశ్వవిద్యాలయము వరకు వెబ్‌సైటునకు టెండరు పిలుచునప్పుడు ఎల్-1, అనగా అందరికంటె తక్కువ కోట్ చేసినవాడు, వానికే పని. మూడేండ్ల టర్నోవరు అడుగుదురు, ఐఎస్‌ఓ సర్టిఫికెట్టు అడుగుదురు, ధరావతు అడుగుదురు. ఏ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపై ఆ సైటు నిలువనున్నదో దానికి ఈ బిడ్డరు ఏనాడైన ఒక సవరణ చేసెనా అని అడుగరు. టర్నోవరు లేని క్రొత్త చిన్నసంస్థ ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలదు; టర్నోవరు చూపి పనిని సబ్‌కాంట్రాక్టుకిచ్చు పెద్దసంస్థ చెప్పలేదు. కనుక తెలంగాణ ప్రభుత్వము తన టెండరులలో, సాంకేతిక అర్హత మార్కులలో కొన్నింటిని దీనికి ప్రత్యేకింపవలెను. గత రెండేండ్లలో మీ సంస్థవారు పంపిన ఏ సవరణ ఏ ప్రాజెక్టులో స్వీకరింపబడినది? లింకు ఇచ్చిన చాలును. గెజిటెడ్ అధికారి సంతకము అక్కరలేదు.